ఆత్మకు లింగం లేదన్నవారే గడపకు గొళ్ళెం వేయవచ్చునా?



2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక హెబియస్ కార్పస్ పిటిషనుపై ఉత్తర్వు ఇచ్చింది. విజయవాడలో సహజీవనం చేస్తున్న ఇద్దరు యువతులలో ఒకరిని తండ్రి తన ఇంట నిర్బంధించాడని రెండవ యువతి అభియోగం. కుమార్తె మేజరు, తన జీవితాన్ని తానే నిర్ణయించుకోగలదు, మీరు జోక్యం చేసుకోవద్దు అని ధర్మాసనం ఆ తల్లిదండ్రులను ఆదేశించింది.

ఇటువంటి వార్త చెవిని పడగానే మనలో నాలుగు ఆక్షేపణలు పుడతాయి. ఇది పాశ్చాత్య వ్యామోహమని మొదటిది. శాస్త్రనిషిద్ధమని రెండవది. ఆత్మాన్వేషికి ఈ దేహగతమైన గుర్తింపులెందుకని మూడవది. లోకులేమనుకుంటారన్నది నాలుగవది. చివరిదాన్ని మనం బిగ్గరగా పలుకము గాని, తక్కిన మూడింటికీ ప్రాణం పోసేది అదే. వరుసగా విచారిద్దాం.

పాశ్చాత్యమన్న మాట తీసుకోండి. తృతీయా ప్రకృతి అన్న పదం వాత్స్యాయనుని కామసూత్రాలలో ఉన్నది. ఆ శబ్దాన్ని ఏ విదేశీయుడూ మనకు నేర్పలేదు. మనకు పరదేశం నుండి వచ్చినది నేరభావన. 1860లో ఆంగ్లేయ ప్రభుత్వం చేసిన శిక్షాస్మృతిలోని 377వ సెక్షను ఈ అనురాగాన్ని కారాగారయోగ్యం చేసింది. 2018 సెప్టెంబరు 6న మన సర్వోన్నత న్యాయస్థానం వయోజనుల పరస్పరాంగీకారం మేరకు దానిని తొలగించింది. పరపాలకుని శాసనాన్ని సనాతనధర్మమని భ్రమించి మోయడం మనకు తగునా?

ఇంద్రకీలాద్రి నీడలో నివసించేవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా మాట్లాడాలి. అర్జునుడు తపమాచరించి పాశుపతం పొందిన గిరి ఇదేనని స్థలపురాణం. విజయుని పేరే ఈ నగరానికి వచ్చిందని ఒక ప్రతీతి. ఆ విజయుడే విరాటుని కొలువులో ఒక సంవత్సరం బృహన్నలగా ఉన్నాడు. తిక్కన సోమయాజి ఆంధ్ర మహాభారత రచనను ఆరంభించినది ఆ విరాటపర్వంతోనే. అది ఊర్వశీశాపఫలం కదా అంటారు. నిజమే. అయితే ఆ రూపాన్ని చూసి విరాటుడు ద్వారం మూయలేదు. పరీక్షించి, తన కుమార్తెకు నాట్యాచార్యత్వం అప్పగించాడు. శాపమని తలచినా సరే, ఆ దశలో ఉన్నవానికి ఇల్లు, వృత్తి, గౌరవం ఇవ్వడమే రాజధర్మమైనది.

కూచిపూడినీ స్మరించండి. సిద్ధేంద్రయోగి సంప్రదాయంలో పురుషులే సత్యభామలైనారు. వేదాంతం సత్యనారాయణ శర్మగారి స్త్రీవేషానికి దేశమే నీరాజనం పట్టింది. ఆ నటులు స్వలింగానురాగులని నేననడం లేదు; వేషం వేరు, స్వభావం వేరు. అయితే స్త్రీపుంభావాల నడుమ రేఖ దాటడాన్ని రంగస్థలం మీద భక్తితో చూడగలిగిన మనం, అదే రేఖ దగ్గర తడబడుతున్న బిడ్డను ఇంటిలో అసహ్యంతో చూడడానికి ప్రమాణమేదని మాత్రం అడుగుతున్నాను.

ఇక శాస్త్రం. దాచకుండా చెప్పుకోవాలి. మనుస్మృతి పురుషుల మధ్య సంగమాన్ని దోషంగానే పరిగణించింది. కన్యల విషయంలో కఠినదండన కూడా చెప్పింది. కాని ద్విజునికి ఆ దోషానికి విధించిన ప్రాయశ్చిత్తం సచేలస్నానం. ఎద్దుబండిలోనో, నీటిలోనో, పగటివేళనో స్త్రీతో సంగమించినవానికీ అక్కడే అదే స్నానం. పగటి దోషానికి ఏ తండ్రీ కొడుకును ఇంటినుండి వెళ్ళగొట్టలేదు. ఆ స్మృతిలోని తక్కిన దండనీతిని, వర్ణభేదంతో మారే శిక్షలను, మనమే ఏనాడో విడిచిపెట్టాము. ఒక్క ఈ విషయంలో మాత్రం మనువును మించిన కాఠిన్యాన్ని మనువు పేరనే చూపడం శాస్త్రనిష్ఠ అనిపించుకోదు.

స్మృతికి పైన శ్రుతి ఉన్నది. ఆత్మ స్త్రీ కాదు, పురుషుడు కాదు, నపుంసకమూ కాదు. ఏ శరీరాన్ని గ్రహిస్తే దానితో కూడి ఉంటుందని శ్వేతాశ్వతరోపనిషత్తు తాత్పర్యం. ఇక్కడే మూడవ ఆక్షేపణ తల ఎత్తుతుంది: "అట్లయితే గే అని, లెస్బియన్ అని, ట్రాన్స్‌జెండర్ అని చెప్పుకోవడం దేహాభిమానమే కదా?" ఇది బలమైన ప్రశ్న, నిజాయితీగా అడిగితే. పరమార్థంలో అవును, అది ఉపాధియే. మరి గోత్రం? కులం? మగబిడ్డ కలగాలన్న తపన? అల్లుని ఉద్యోగం? వివాహవేదిక మీద వరుని తండ్రికి నేతి నేతి బోధించినవారెవరు? మన ఉపాధులన్నింటినీ వ్యవహారసత్యమని ఒప్పుకొని, ఒక్క ఈ బిడ్డ ఉపాధిని మాత్రం మిథ్య అని కొట్టివేయడం అద్వైతం కాదు, పక్షపాతం. సమదర్శనం సాధకునికి లక్షణమని గీతాచార్యుడు బోధించాడు. దానికి పరీక్ష పరాయివాడి దగ్గర కాదు, మన గడప లోపలే జరుగుతుంది.

"పోనీ, బ్రహ్మచారిగా ఉండమనండి" అంటారు కొందరు. బ్రహ్మచర్యం వైరాగ్యం నుండి పుట్టాలి. ఇంకొకరి భయం నుండి విధింపబడినది వ్రతం కాదు, శిక్ష. తక్కిన సంతానంలో ఎవరినీ అడగని త్యాగాన్ని ఒక్కరినే అడగడం న్యాయం కాదు.

"వంశం ఏమౌతుంది, పిండమెవరు పెడతారు?" అన్న తల్లిదండ్రుల వేదన నిజమైనది; దానిని పరిహసించేవాడు ధర్మజ్ఞుడు కాడు. అయినా సంతతి లేని భీష్మునికి మాఘ శుద్ధ అష్టమినాడు ఎవరెవరో తర్పణం విడుస్తున్నారు. పితృఋణం తీర్చే మార్గం ఒక్కటే అని మన సంప్రదాయమే అనలేదు.

పరువు కోసం చేసే బలవంతపు వివాహమే అసలైన అధర్మం. అగ్నిని సాక్షిగా నిలిపి, తన హృదయంలో లేని మాటను పలికిస్తున్నాము. పక్కనున్న వధువో వరుడో ఏ తప్పూ చేయకుండానే జీవితకాలం ఆ అసత్యభారాన్ని మోయాలి. మన డెల్టా గ్రామాలలో కట్నకానుకలు, పొలాలు, బంధుత్వాలు ముడిపడిన పెండ్లి విచ్ఛిన్నమైతే రెండు కుటుంబాలు కూలిపోతాయి. సత్యం ముందే చెబితే ఒక్క సాయంత్రం కన్నీరు. దాచితే రెండు జన్మలు వ్యర్థం. పెండ్లి చేస్తే కుదురుకుంటాడని సలహా ఇచ్చే పెద్దలు ఆ పరాయి బిడ్డ ఉసురుకు ఏమి సమాధానం చెబుతారు?

చికిత్స మాట కూడా ఎత్తకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగానురక్తిని వ్యాధుల జాబితానుండి తొలగించింది. దీనిని మార్చుతామనే వైద్యం వృత్తిధర్మ విరుద్ధమని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. వ్యాధి కానిదానికి ఔషధం లేదు, దోషం కానిదానికి శాంతిహోమమూ లేదు.

న్యాయస్థానం చేయగలిగినదానికి హద్దు ఉన్నది. 2023 అక్టోబరు 17న సర్వోన్నత న్యాయస్థానం స్వలింగ వివాహ హక్కును గుర్తించడానికి నిరాకరించింది. హైకోర్టు ఉత్తర్వు నిర్బంధాన్ని తొలగించగలదు. పండుగనాడు విస్తరి ముందు చోటు ఇవ్వలేదు. అది తల్లి మాత్రమే ఇవ్వగలదు.

కనుక యువసాధకులారా, మీ జపం మీ స్వభావం వలన మైలపడదు. మొవ్వ క్షేత్రయ్య పురుషుడై ఉండి గోపాలుని ముందు నాయికాభావంతో నిలిచాడు. ఆ స్వామి స్వీకరించాడనే మనం ఇప్పటికీ ఆ పదాలను ఆదరిస్తున్నాము. ఇల్లు వెలివేసినా ఇలవేలుపు వెలివేయడని నమ్మండి. తల్లిదండ్రులారా, అర్థం కావడానికి కాలం పడితే పట్టనివ్వండి. అంతవరకు ద్వారం మూయకండి. అర్థం కానిదానిని ఆదరించడం అసాధ్యమనకండి. పరబ్రహ్మ కూడా మనకు అర్థం కాలేదు, అయినా నిత్యం దీపం పెడుతూనే ఉన్నాము.