తారు లేని టార్మాక్

డెలానీపూర్‌లోని మన కుటుంబాలకు సెలవులంటే వీర్ సావర్కర్ విమానాశ్రయమే గుర్తుకు వస్తుంది. అక్కడ విమానం నిలిచే చోటును మనలో చాలామంది 'టార్మాక్' అంటారు. ఈ మాసం ఆ మాట పుట్టుపూర్వోత్తరాలను పాఠకుల ముందుంచుతున్నాము.

స్కాట్లండు దేశీయుడు జాన్ లౌడన్ మెకాడం (1756–1836) చిన్న కంకరను పొరలుగా పరచి గట్టి బాటలు వేయించాడు. నేటికీ మన అంచనా పత్రాలలో 'వాటర్ బౌండ్ మెకాడం' అన్న మాటలో ఆయన పేరు నిలిచి ఉన్నది. మోటారు బండ్ల రాకతో ఆ బాటలపై దుమ్ము పెద్ద బెడద అయింది. ఇంగ్లండులో ఎడ్గర్ పర్నెల్ హూలీ అనే సర్వేయరు ఇనుప చిట్టెంలో తారు కలిపే పద్ధతికి 1902లో పేటెంటు పొందాడు. 'టార్మాక్' ఆ సరుకుకు వ్యాపారనామం.

తారు బొగ్గు నుండి వచ్చేది. నేటి రోడ్లకు వాడే బిటుమిన్ ముడిచమురు నుండి వచ్చేది. అయినను మన నోట అది 'తారు రోడ్డే'. విమానాలు నిలిచి ఇంధనం నింపుకొనే చోటు పేరు ఏప్రన్. ఒలికిన ఇంధనం బిటుమిన్‌ను మెత్తబరుస్తుంది కనుక ఏప్రన్‌ను తరచుగా సిమెంటు కాంక్రీటుతో నిర్మిస్తారు. అనగా ఆ టార్మాక్‌లో తారు లేదు!

ప్రయాణికుని నోట ఈ మాట వలన నష్టం లేదు. పనిచేసేవారికి మాత్రం ఏప్రన్ వేరు, టాక్సీవే వేరు, రన్‌వే వేరు. కంట్రోల్ టవర్ అనుమతి లేనిదే రన్‌వే మీదికి ఏ బండీ పోరాదు. 1977 మార్చి 27న టెనెరిఫేలో, పొగమంచులో, రన్‌వే మీద రెండు విమానాలు ఢీకొని 583 మంది మరణించారు. రేడియోలో మాటల అస్పష్టత అందుకు ఒక కారణం. ఆ పిమ్మట 'టేకాఫ్' అన్న మాటను రేడియోలో ఆ అనుమతి ఇచ్చునప్పుడు, రద్దు చేయునప్పుడు మాత్రమే పలకాలని కట్టడి చేశారు.

మన ఇండ్లలో వనస్పతి 'డాల్డా' అయింది, నకలు 'జిరాక్స్' అయింది. ఫ్రాన్సుకు చెందిన పొక్లెయిన్ సంస్థ పేరు, మన్ను తవ్వే యంత్రాలన్నిటికీ 'ప్రొక్లెయిన్' అయింది. వాడుక భాషకు ఇది సహజం. కాని ఇండెంటులో వస్తువు పేరుకు బదులు కంపెనీ పేరు వ్రాసినచో, తక్కిన తయారీదారులకు తలుపు మూసినట్లే. ఆ భారం ప్రజాధనంపై పడుతుంది. సాధ్యమైనంతవరకు ఏ బ్రాండునూ కోరరాదని 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి చెప్పడం ఇందుకే.

ఇంట ఏ పేరుతో పిలిచినా తప్పు లేదు. పనిలో మాత్రం వస్తువును దాని పేరుతోనే పిలుద్దాం. వస్తువు పేరుగా మారిన కంపెనీ పేర్లు మీ ఇంట ఎన్ని ఉన్నవో పిల్లలచేత లెక్క వేయించండి.