ప్రతి పుటకును ఒక త్రోవ

ఆదాయ ధ్రువపత్రమునకో, ఉపకారవేతనమునకో, భూమి పత్రపు నకలుకో కార్యాలయముల చుట్టు కాళ్లరుగునట్లు తిరుగవలసిన కాలము క్రమముగా గతించుచున్నది. 2011లో ఆరంభమైన మీసేవ కేంద్రములును, వాని వెనుక వచ్చిన పెక్కు పోర్టళ్లును, నేడు పల్లెటూరి గృహస్థుని చేతిలోనికి వచ్చిన ఫోనును ఈ మార్పునకు కారణములు. ఇది సంతోషింపదగిన విషయమే. అయితే, సేవ యెంత ఉత్తమమైనదైనను, దానిలోని ఒక పుటనుండి మరియొక పుటకు పోవు త్రోవ పౌరునకు గోచరింపనియెడల, ఆ సేవ ఉన్నదని చెప్పుకొనవచ్చునేగాని అతనికి అందినదని చెప్పుటకు వీలులేదు. వెబ్ అప్లికేషనులలో పుటలను కలుపు లింకులను అమర్చుట, పని యంతయు ముగిసిన పిమ్మట మిగిలిన రెండు మూడు దినములలో ఎట్లో పూర్తిచేసి చేతులు దులుపుకొనదగిన అల్పకార్యమని మనవారిలో ననేకులు తలంచుచున్నారు. అట్లుగాక, ప్రజలకొరకు నిర్మింపబడు ప్రతి వెబ్ అప్లికేషనునందును ఇదియే ప్రథమకర్తవ్యమని నా దృఢవిశ్వాసము.

లింకు అనునది వెబ్‌నకు తరువాత తగిలించిన అలంకారము కాదు. వెబ్ దానినుండియే పుట్టినది. ఒక పత్రమును చదువుచున్నవాడు దానికి సంబంధించిన వేరొక పత్రమునకు తత్‌క్షణమే పోగల యంత్రమును 1945లోనే వానెవర్ బుష్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఊహించి వ్రాసియుండెను. 1960ల దశకమున టెడ్ నెల్సన్ ఆ భావమునకు హైపర్‌టెక్స్ట్ అని పేరు పెట్టెను. 1989లో జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్-లీ, దేశదేశముల శాస్త్రజ్ఞులు వేర్వేరు కంప్యూటర్లలో దాచుకొనిన సమాచారమంతయు ఒకదానితో నొకటి ముడివడవలెనను సంకల్పముతో తన ప్రతిపాదనను సమర్పించెను. ఆయన నిర్మించిన తొలి పుటలలో బొమ్మలు లేవు, రంగుల హంగులు లేవు. ఉన్నవి వాక్యములును, వాని నడుమ లింకులును మాత్రమే. ప్రతి పత్రమునకును ఒక స్థిరమైన చిరునామా ఉండవలెననియు, ఆ చిరునామా తెలిసినవాడెవడైనను నేరుగా ఆ పత్రమును చేరగలుగవలెననియు ఆయన ఏర్పరచిన నియమమే నేటి వెబ్ మహాసౌధమునకు పునాది.

ఆ పునాదియే ఇప్పుడు మన కన్నులయెదుట శిథిలమగుచున్నది. ఏల యనగా, పూర్వము లింకును నొక్కగనే బ్రౌజరు క్రొత్త పుటను తెప్పించెడిది, పై పట్టీయందలి చిరునామా మారెడిది, వెనుకకు బాణమును నొక్కినచో పాత పుట తిరిగి వచ్చెడిది. ఇప్పుడో, వేగముకొరకు అప్లికేషను నంతయు ఒకే పుటగా తెప్పించి, జావాస్క్రిప్టుచేత లోపలి భాగములను మాత్రము మార్చు పద్ధతి ప్రబలినది. ఈ పద్ధతియందు దోషమేమియు లేదు. తెరపై భాగము మారినప్పుడెల్ల చిరునామాయు మారునట్లును, బ్రౌజరు చరిత్రయందు ఆ మార్పు నమోదగునట్లును చేయుటకు వలసిన సాధనములు బ్రౌజర్లలోనే చిరకాలముగా నున్నవి. వానిని వినియోగింపకపోవుటయే దోషము. చూచుటకు లింకువలె నుండి, నిజముగా చిరునామా యేదియు లేని బటనును అమర్చి ఊరకుండుటయే దోషము. అట్టి బటనుపై వ్రేలు నదిమిపట్టినను క్రొత్త ట్యాబులో తెరువుమను మాట రాదు. దానిని గుర్తుపెట్టుకొనుటకు వలను పడదు, మరియొకరికి పంపుటకు వలను పడదు.

దీని ఫలమెట్లుండునో ఒక్క దృష్టాంతమున చూడుడు. పట్టణమున చదువుకొనుచున్న కుమార్తె, పల్లెలోనున్న తండ్రికి ఏ పుటలో వివరములు నింపవలెనో చూపదలచి, తన తెరపైనున్న చిరునామాను వాట్సాప్‌లో పంపును. తండ్రి దానిని తాకగా తెరచుకొనునది దరఖాస్తు పుట కాదు, మంత్రుల చిత్రములతో నిండిన ముఖపుట. అక్కడినుండి ఆయన మెనూ వెదకి, మూడు గీతల గుర్తును నొక్కవలెనని యెవరో చెప్పగా నొక్కి, ఇరువది పేర్లలో తనకు కావలసిన దేదో తేల్చుకొనలేక, ఎట్టకేలకు ఫారము చేరి, ఆధార్ సంఖ్యయు, బ్యాంకు ఖాతాయు, రేషను కార్డు వివరములును ఒక్కొక్క అక్షరముగా కొట్టి, ముందటి పుటలో గ్రామము పేరు సరిగా ఎంచుకొంటినా యని సందేహము కలిగి ఫోనునందలి వెనుకకు గుర్తును నొక్కును. నింపినదంతయు మాయమై, సెషన్ ముగిసినది, మరల లాగిన్ కండు అను వాక్యము ప్రత్యక్షమగును. ‘ముందటి పుట’ అను చిన్న లింకు ఒకటి ఆ ఫారముపైన ఉండి, అప్పటివరకు నింపిన వివరములను భద్రపరచి యుండినచో, ఆయన రెండు నిమిషములలో పని ముగించుకొని లేచెడివాడు. ఇప్పుడు ఎవరికో డబ్బిచ్చి చేయించుకొనవలెను. ఈ వ్యయమంతయు పేదవానిపైననే పడుచున్నదని మరువరాదు. చదువుకొనినవాడు చిక్కుకొనినను ఎట్లో బయటపడును.

తెలుగుపుటల విషయమున మరి రెండు బాధలు కలవు. ఆంగ్లాక్షరముల కొలతలతో గీయబడిన మెనూ పట్టీలో తెలుగు పేర్లను ఇరికించినప్పుడు క్రింది ఒత్తులు తెగిపోవుచున్నవి. ‘ధ్రువపత్రములు’ అను మాటలోని రవత్తు సగము కనబడక, ‘దరఖాస్తు’లోని తవత్తు అంచుక్రింద మునిగి, చదువువానికి అక్షరములను ఊహించుకొనవలసిన యవస్థ ఏర్పడుచున్నది. పట్టీ యెత్తును కొంచెము పెంచినచో తీరిపోవు బాధ యిది. రెండవది ఇంతకంటెను పెద్దది. ఏదో ఒక లోపలి పుటలో నుండి ‘తెలుగు’ అను లింకును నొక్కినవాడు ఆ పుటయే తెలుగులో వచ్చునని ఆశించును. పెక్కుచోట్ల అది అతనిని మరల ముఖపుటకు తరిమివేయును. తన భాషను కోరినందుకు పౌరుడు నడచిన దారినంతయు మొదటినుండి నడువవలసివచ్చుట ఏ న్యాయమును అంగీకరింపనిది.

చూపు లేనివారి సంగతి చెప్పనక్కరలేదు. వారికి తెరను చదివి వినిపించు ఎన్‌వీడీఏ మొదలైన సాఫ్ట్‌వేర్లు, కోరినప్పుడు పుటయందలి లింకుల నన్నిటిని ఒక పట్టికగా వినిపించును. ఆ పట్టికలో ‘ఇక్కడ నొక్కండి’, ‘ఇక్కడ నొక్కండి’, ‘మరింత’, ‘ఇక్కడ నొక్కండి’ అని వరుసగా వినబడుచుండగా, ఏ ‘ఇక్కడ’ దేనికి దారితీయునో వారెట్లు గ్రహింతురు? ‘పింఛను దరఖాస్తు స్థితి’ అని లింకుపైననే వ్రాసినచో ఖర్చేమియు లేదు. పుట తెరచినప్పుడెల్ల ముప్పది మెనూ పేర్లను వినవలసిన శ్రమ లేకుండ ‘ముఖ్య విషయమునకు పొండు’ అను లింకును మొట్టమొదట ఉంచుటయు, ప్రస్తుతము చూచుచున్న పుట ఏదో మెనూలో గుర్తించి చూపుటయు, అన్ని పుటలలోను మెనూ ఒకే క్రమమున నుండునట్లు చూచుటయు, వికలాంగులకును వెబ్ అందునట్లు చేయుటకై ప్రపంచమంతట అనుసరింపబడుచున్న డబ్ల్యూసీఏజీ ప్రమాణములకు లోబడిన మామూలు పనులే. లింకులు ఎన్ని యుండిన అంత మేలని మాత్రము నేననను. కదలిపోవు ప్రకటనలు, మిణుకుమిణుకుమను ‘క్రొత్త’ గుర్తులు, ఏనాడో గడువు తీరిన నోటిఫికేషనులు నిండిన ముఖపుట, అకారాదిక్రమము చెదరిన నిఘంటువువలె, అన్నియు కలిగియుండియు ఏదియు దొరకనీయదు.

నియమములు లేవని ఎవరును చెప్పజాలరు. ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకములు 2009లోనే వెలువడినవి, వాని మూడవ రూపము 2023లో వచ్చినది. వికలాంగుల హక్కుల చట్టము 2016 నాటిది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలను అందుకొను హక్కు రాజ్యాంగపు 21వ అధికరణముచే రక్షింపబడిన జీవనహక్కులో భాగమని తీర్పు చెప్పినది. ఇంత జరిగినను, కాంట్రాక్టు పత్రములలో ఎన్ని ఫారములు, ఎన్ని నివేదికలు కావలెనో వ్రాయుచున్నారేకాని, ఒక ఫారమునుండి మరియొక దానికి పౌరుడెట్లు పోవలెనో వ్రాయువారు అరుదు. అడుగనిదానిని నిర్మించువారును అరుదే.

కావున పోర్టళ్లను కట్టించు అధికారులకు నా విన్నప మొక్కటి. చివరి బిల్లుపై సంతకము పెట్టుటకు ముందు, మీ కార్యాలయపు పెద్ద తెరను విడిచి, సామాన్యమైన ఫోను నొకదానిని చేతబట్టుడు. ఫారము సగము నింపి వెనుకకు పొండు. లోపలి పుట చిరునామాను మరియొక ఫోనుకు పంపి తెరచి చూడుడు. అదే పుటలో భాషను మార్చుడు. చూపు లేని ఉద్యోగి నొకరిని పిలిపించి ఆ పుటను విని చెప్పుమనుడు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినను బిల్లు ఆపుడు.