చిన్న పోస్టాఫీసు ఉత్తరాన్ని ఎందుకు ఆపుతున్నారు?

పిల్లలూ, ఈ వారం మనం ఒక అభిప్రాయ వ్యాసం చదువుదాం. అభిప్రాయం అంటే ఒక విషయం గురించి మనకి అనిపించిన మాట. ఊరికే "నాకలా అనిపించింది" అంటే సరిపోదు, ఎందుకు అనిపించిందో కారణాలు చెప్పాలి. నా మాట ముందే చెప్పేస్తాను. పంపినవాళ్ళు చిన్నవాళ్ళు, కొత్తవాళ్ళు అనే కారణంతో పెద్ద ఈమెయిల్ సంస్థలు ఎవరి ఉత్తరాన్నీ ఆపకూడదు. ఒకవేళ ఆపితే, ఎందుకు ఆపారో వాళ్ళకి చెప్పాలి. చివరిదాకా చదివాక మీరు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. అది మీ ఇష్టం.

ముందు ఈమెయిల్ ఎలా పుట్టిందో చూద్దాం. ఈమెయిల్ అనగానే మీకు జీమెయిల్, ఔట్‌లుక్, యాహూ గుర్తొస్తాయి కదా? కానీ ఈమెయిల్ ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. 1971లో రే టామ్లిన్సన్ అనే ఇంజనీరు నెట్‌వర్క్ మీద ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి ఉత్తరం పంపారు. అడ్రసు మధ్యలో 'ఎట్' గుర్తు పెట్టింది కూడా ఆయనే. 1982లో జాన్ పోస్టెల్ అనే శాస్త్రవేత్త, కంప్యూటర్లు ఉత్తరాలు ఎలా ఇచ్చిపుచ్చుకోవాలో నియమాలు రాసి అందరికీ ఇచ్చేశారు. ఆ నియమాలు పాటిస్తే ఎవరైనా సొంతంగా ఒక ఈమెయిల్ పోస్టాఫీసు పెట్టుకోవచ్చు. దాన్నే మెయిల్ సర్వర్ అంటారు. కాలేజీ పెట్టుకోవచ్చు, గుడి పెట్టుకోవచ్చు, మన ఆదివారం తెలుగు బడి కూడా పెట్టుకోవచ్చు.

ఈ స్వేచ్ఛ వల్ల మన తెలుగుకి చాలా మేలు జరిగింది. 1990లలో కంప్యూటర్‌లో తెలుగు అక్షరాలు రాయడం చాలా కష్టం. అప్పుడు అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువాళ్ళు, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి ఒకటి తయారుచేశారు. దాని పేరు ఆర్టీఎస్. ఆ పద్ధతిలో రాసుకుంటూ, ఎక్కడెక్కడో ఉన్న తెలుగువాళ్ళు ఈమెయిళ్ళలో తెలుగులోనే కబుర్లు చెప్పుకున్నారు. "మీరు చాలా కొద్దిమంది, మీ ఉత్తరం మాకొద్దు" అని వాళ్ళని ఎవరూ ఆపలేదు.

తర్వాత ఉచిత ఈమెయిల్ వచ్చింది. 1996లో హాట్‌మెయిల్, 2004లో జీమెయిల్ మొదలయ్యాయి. అవి వాడటం సులువు, పైగా డబ్బులు కట్టక్కర్లేదు. అందుకే ఎక్కువమంది అటే వెళ్ళారు. మెల్లమెల్లగా ప్రపంచంలోని ఉత్తరాల పెట్టెలన్నీ చాలావరకు కొద్దిమంది చేతుల్లోకి వెళ్ళిపోయాయి. ఇప్పుడు చిన్న పోస్టాఫీసు నుంచి బయలుదేరిన ఉత్తరం కూడా ఏదో ఒక పెద్ద సంస్థ గుమ్మం దాటాలి. ఆ గుమ్మం దగ్గర ఒక కాపలాదారు ఉంటాడు. అతని పేరు స్పామ్ ఫిల్టర్.

కాపలా ఎందుకు పెట్టారు? స్పామ్ అంటే మనం అడక్కుండా వచ్చిపడే చెత్త ఉత్తరం. 1978 మే నెలలోనే ఒక కంప్యూటర్ల కంపెనీ ఉద్యోగి, సరుకు అమ్ముకోవడానికి దాదాపు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపారు. స్పామ్‌కి ముత్తాత అదే అంటారు. ఆ తర్వాత చెత్త కొండలా పెరిగింది. లాటరీ తగిలిందని, బ్యాంకు ఖాతా ఆగిపోయిందని అబద్ధాలు రాసి, పెద్దవాళ్ళ డబ్బు దోచేవాళ్ళు కూడా వచ్చారు. కాబట్టి కాపలాదారు కావాలి. ఆ విషయంలో నాకు గొడవే లేదు. అతను ఎవరిని ఆపుతున్నాడు, ఎలా ఆపుతున్నాడు అన్నదే నా ప్రశ్న.

అతను మొదట చూసేది ఉత్తరంలో ఏం రాశారన్నది కాదు. పంపిన సర్వర్ ఎవరిది, దాని పేరు మంచిదా కాదా అని చూస్తాడు. ఇంటర్నెట్‌లో ప్రతి సర్వర్‌కి ఇంటి నంబరు లాంటి ఒక ఐపీ నంబరు ఉంటుంది. ఆ నంబరు నుంచి ఇంతకుముందు మంచి ఉత్తరాలు వచ్చాయా, చెత్త వచ్చిందా అని లెక్క తీస్తాడు. సర్వర్ కొత్తదైతే లెక్కే ఉండదు. లెక్క లేకపోతే అనుమానమే!

ఇది మీకు అర్థం కావాలంటే మీ అమ్మనో నాన్ననో ఒక మాట అడగండి: "మీరు అమెరికా వచ్చిన కొత్తలో క్రెడిట్ హిస్టరీ ఉందా?" అని. ఉండదు. ఇండియాలో ఎవరికీ ఒక్క రూపాయి బాకీ లేకపోయినా, ఇక్కడి పుస్తకంలో వాళ్ళ పేజీ ఖాళీ. నేనూ ఈ మధ్యే వచ్చినదాన్ని కాబట్టి ఆ ఖాళీ పేజీ సంగతి నాకు బాగా తెలుసు. ఖాళీ పేజీ అంటే తప్పు చేసినట్టు కాదు. కానీ చాలాసార్లు అలాగే చూస్తారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. చిన్న సర్వర్లు పెట్టుకునేవాళ్ళు చాలామంది ఒక పెద్ద కంపెనీ దగ్గర చోటు అద్దెకి తీసుకుంటారు. పక్కవాడు స్పామ్ పంపితే, కాపలాదారు ఒక్కోసారి ఆ వరసలోని ఐపీ నంబర్లన్నిటినీ ఆపేస్తాడు. మీ అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరు తప్పు చేశారని, ఆ బిల్డింగ్ నుంచి వెళ్ళే ఉత్తరాలన్నీ పోస్ట్‌మ్యాన్ చెత్తబుట్టలో పడేస్తే ఎలా ఉంటుంది? ఇది అలాంటిదే.

నిజంగా ఇలా జరిగిందా అంటే, జరిగింది. 2004 చివర్లో వెరైజన్ సంస్థ, స్పామ్ ఆపాలనే ఉద్దేశంతో యూరప్ నుంచి వచ్చే ఈమెయిళ్ళని పెద్ద ఎత్తున ఆపింది. చెత్తతో పాటు మంచి ఉత్తరాలు కూడా ఆగిపోయాయి. వినియోగదారులు కోర్టుకి వెళ్ళారు. 2006లో వాళ్ళకి పరిహారం ఇవ్వడానికి సంస్థ ఒప్పుకుంది. అక్కడ తప్పు చేయనివాళ్ళ ఉత్తరాలు ఆగడానికి కారణం, అవి బయలుదేరిన చోటే.

మరి తనిఖీ లేకుండా ఎలా అంటారా? తనిఖీ ఉండాలి. అది ఎలా ఉండాలో చెప్పడానికి మా న్యూజెర్సీ పాల కథ ఒకటి చెప్తాను. ఒకప్పుడు పట్టణాల్లో అమ్మే పాలు శుభ్రంగా ఉండేవి కావు. ఆ పాలు తాగి చాలామంది పిల్లలు జబ్బుపడేవారు. 1893లో న్యూవార్క్‌లో హెన్రీ కోయిట్ అనే డాక్టరు, తోటి డాక్టర్లతో ఒక సంఘం పెట్టి, ఒక పాడి యజమానితో ఒప్పందం రాసుకున్నారు. ఆవులు, పాకలు, పాలు పితికేవాళ్ళ చేతులు ఎలా ఉండాలో అందులో ఉంది. పరీక్షలో నెగ్గిన పాలకి 'సర్టిఫైడ్' అని ముద్ర వేసేవారు. నేనుండే ప్లెయిన్స్‌బరోలోని వాకర్ గోర్డన్ పాడి అలాంటి పాలకి పేరు పొందింది. 1930లో అక్కడ రోటోలాక్టర్ అనే యంత్రం పెట్టారు. గుండ్రంగా తిరిగే వేదిక మీద ఒకేసారి 50 ఆవుల పాలు పితికేవారు!

ఈ కథలో నాకు నచ్చింది యంత్రం కాదు. నియమం ముందే కాగితం మీద ఉంది. పరీక్ష పాలకి, శుభ్రతకి. పక్క పాడిలో పాలు పాడైతే ఈ పాడిని మూసేయరు. ఆ పాలు ఖరీదు ఎక్కువ అన్న మాట నిజమే. శుభ్రతకి ఖర్చవుతుంది. కానీ ఏం చేస్తే నెగ్గుతామో అందరికీ తెలుసు.

ఈమెయిల్‌లో కూడా ఇలాంటి ముద్రలు ఉన్నాయి. ఎస్పీఎఫ్ అనేది ఒక జాబితా: "మా పేరుతో ఉత్తరం పంపగలిగే సర్వర్లు ఇవే" అని. డీకిమ్ అనేది లక్క సీలు లాంటిది. దారిలో ఎవరైనా ఉత్తరాన్ని మారిస్తే తెలిసిపోతుంది. డీమార్క్ అంటే, ఈ రెండూ సరిపోకపోతే ఉత్తరాన్ని ఏం చేయాలో చెప్పే చీటీ. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ రోజుకి వేలల్లో ఉత్తరాలు పంపేవాళ్ళు ఈ మూడూ పెట్టుకోవాలన్నాయి. ఇది మంచి నియమమే. చిన్నవాళ్ళు కూడా కష్టపడి పెట్టుకుంటున్నారు. బాధేమిటంటే, ముద్రలన్నీ సరిగ్గా ఉన్నా, పేజీ ఖాళీగా ఉందని ఉత్తరం స్పామ్ డబ్బాలో పడిపోవచ్చు.

ఇప్పుడు ఒక లెక్క చేయండి. స్పామ్ అని వచ్చే ఫిర్యాదులు 0.3 శాతం దాటకూడదని గూగుల్ చెప్తుంది. అంటే 1000 ఉత్తరాలకి 3. ఒక తెలుగు బడి 300 కుటుంబాలకి ఉత్తరం పంపిందనుకుందాం. ఒక్కరు, ఒకే ఒక్కరు, పొరపాటున 'స్పామ్' బటన్ నొక్కారు. 300లో 1 అంటే 0.33 శాతం. గీత దాటేసింది! లక్షల ఉత్తరాలు పంపే కంపెనీకి ఒక్క వేలు తగిలితే ఏమీ కాదు. చిన్న బడికి అదే పెద్ద దెబ్బ.

"కారణం చెప్పేస్తే దొంగలు కూడా తెలుసుకుని తప్పించుకుంటారు కదా టీచర్?" అని మీలో ఎవరైనా అడగొచ్చు. మంచి ప్రశ్న. తాళం ఎలా తయారుచేశారో చెప్పమని నేను అనడం లేదు. "మీ నంబరు ఫలానా జాబితాలో ఉంది, ఇక్కడ అడగండి" అంటే చాలు. ఈమెయిల్ నియమాల్లో దానికి వీలు ఉంది. ఉత్తరం తీసుకోనప్పుడు ఒక కోడ్ నంబరు, పక్కన ఒక వాక్యం తిరిగి పంపొచ్చు. వాపసు వచ్చిన ఉత్తరం గురించి మనకి తెలుస్తుంది, ఇంకో దారి వెతుక్కుంటాం. స్పామ్ డబ్బాలో చప్పుడు లేకుండా పడినదాని గురించి పంపినవాళ్ళకీ తెలియదు, చూడాల్సినవాళ్ళకీ తెలియదు. "బడి వాళ్ళు మమ్మల్ని పిలవలేదు" అని వీళ్ళు అనుకుంటారు. "పిలిచినా రాలేదు" అని వాళ్ళు అనుకుంటారు. మనుషుల మధ్య మాట పోతుంది.

అందుకే నేను కోరేవి మూడు. ఎవరి నడతని బట్టి వాళ్ళనే చూడండి, పక్కవాళ్ళని బట్టి కాదు. ఆపితే కారణం చెప్పండి. "మేము తప్పు చేయలేదు" అని చెప్పుకోవడానికి ఒక మనిషిని కూర్చోబెట్టండి.

మనం చేయగలిగినవి కూడా ఉన్నాయి. వారానికి ఒకసారి అమ్మతోనో నాన్నతోనో కలిసి స్పామ్ డబ్బా తెరిచి చూడండి. తెలియని లింకులు మాత్రం నొక్కకండి. తెలిసినవాళ్ళ ఉత్తరం కనిపిస్తే 'ఇది స్పామ్ కాదు' అని నొక్కి, ఆ అడ్రసుని కాంటాక్ట్స్‌లో చేర్చండి. మీకు తెలిసిన సంస్థ ఉత్తరం వద్దనుకుంటే 'స్పామ్' అనకుండా 'అన్‌సబ్‌స్క్రైబ్' నొక్కండి. అది మర్యాదగా "ఇక వద్దండీ" అని చెప్పడం.

ఇక మీ వంతు. పెద్ద ఈమెయిల్ సంస్థలో కాపలాదారు మీరే అనుకోండి. కొత్త సర్వర్ నుంచి మొదటి ఉత్తరం వచ్చింది. మీరు ఏం చూస్తారు? తీసుకోకపోతే ఆ పంపినవాళ్ళకి ఏమని చెప్తారు? అయిదు వాక్యాల్లో తెలుగులో రాయండి. "నా అభిప్రాయం ఏమిటంటే" అని మొదలుపెట్టి, "ఎందుకంటే" అని కనీసం రెండు కారణాలు చెప్పండి.