వకీలును నమ్మిన మనము, యంత్రమును నమ్మిన వకీలు



ఇంటిగుట్టు పరులకు చెప్పరాదని పెద్దలు మనకు నేర్పిరి. అయినను వైద్యునికడను, వకీలుకడను ఆ నియమము చెల్లదు. భర్తను కోల్పోయిన యిల్లాలు తన భాగమునకై, మగడు విడిచిన యాలు మనోవర్తికై వకీలు నాశ్రయించునపుడు, కన్నవారికిని చెప్పని మాటల నాయన యెదుట చెప్పుకొనును. ఆ మాటలు నమ్మి దాచియుంచిన సొమ్మువంటివి.

నేడు వకీళ్లలో కొందరు కృత్రిమమేధ యను యంత్రము నడిగి సలహాలు చెప్పుచున్నారు, కోర్టు కాగితములు వ్రాయుచున్నారు. ఇది ధర్మమా యని విచారింతము.

విమానములో వడ్డన సామగ్రి నుంచు లోహపుబండి మోకాలికి తగిలి గాయపడితినని అమెరికాలో నొకరు ఆవియాంకా విమానసంస్థపై దావా వేసిరి. గడువు మీరినదని సంస్థ వాదించెను. అంతట 30 ఏండ్లకు మించిన యనుభవముగల వకీలొకడు చాట్‌జీపీటీ నడిగి, అది చూపిన పూర్వపు తీర్పులను న్యూయార్కు న్యాయస్థానమున దాఖలు చేయించెను. వానిలో ఆరు తీర్పులు ఏ న్యాయస్థానమును ఏనాడును చెప్పనివి! నిజముగా నున్న న్యాయమూర్తుల పేరనే అవి కల్పింపబడినవి. వానిలో నొకదానిని గూర్చి, ఇది నిజమైనదేనా యని ఆ వకీలు మరల యంత్రమునే యడుగగా, నిజమే యని యది బదులు చెప్పెను. బొంకినవానినే సాక్షిగా పిలిచినట్లయ్యెను గదా!

న్యాయమూర్తి కెవిన్ క్యాస్టెల్ 2023 జూన్ 22న ఆ వకీళ్లిద్దరికిని, వారి సంస్థకును కలిపి 5,000 డాలర్ల జరిమానా విధించి, జరిగినదానిని కక్షిదారునకు తెలియజేయుడని యాజ్ఞాపించెను. కాలదోషము పట్టినదని దావాను ఆనాడే కొట్టివేసెను. నమ్మదగిన యంత్రము సాయము గొనుట తనంత దోషము కాదనియు, దాఖలు చేసిన కాగితములకు పూచీ మాత్రము వకీలుదే యనియు ఆయన తీర్పు.

యంత్రమేల బొంకెను? మోసగింపవలెనని కాదు. ఏ మాట వెనుక ఏ మాట రాదగునో యూహించి కూర్చుట దాని పని. నిజమును, నిజమువలె దోచునదియు దానికొక్క తీరుననే యుండును. నిండుసభలో ద్రౌపది ప్రశ్నింపగా, ధర్మము సూక్ష్మమని భీష్ముడు నిర్ణయింపజాలకపోయెను. అందులకాయనను నేటికిని తప్పుపట్టుదుము. కాని తెలియనిదానిని తెలిసినట్లు తడబాటు లేక చెప్పుట అంతకన్నను కీడు.

రహస్యమునుగూర్చి మరింత జాగ్రత్త వలయును. కక్షిదారు చెప్పినది వకీలు వెలిబుచ్చరాదని మన దేశమున 1872 నాటి సాక్ష్యచట్టము శాసించెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమమును అట్లే శాసించుచున్నది. మన కన్నీటికథను ఊరుపేరులతో యంత్రమున కెక్కించినచో అది యెచ్చట నిలువయుండునో, ఎవరి కంటబడునో? తనలో వేసినదానినుండి నేర్చుకొను యంత్రమున కక్షిదారు సంగతులు పెట్టుటకు ముందు, వారికి చక్కగా తెలిపి సమ్మతి గొనవలెనని అమెరికా న్యాయవాదుల సంఘము 2024 జూలైలో చెప్పినది. గంటలెక్కన ఫీజు గొనువారు నిజముగా పనిచేసిన కాలమునకే గొనవలెననియు నందు గలదు.

యంత్రమును వెలివేయుడని మేమనము. కాగితపు కట్టలను వేగముగ చదువుటకు, ఆంగ్లపు తీర్పును తెలుగున గ్రహించుటకు ఉపకరించిన మేలే. ఖర్చు తగ్గిన బీదలకు మరియు మేలు. పిండి యంత్రము రుబ్బినంత మాత్రమున ఉప్పు చూడవలసిన పని యిల్లాలికి తప్పునా? వకీలును నట్లే.

కావున వకాలతుపై సంతకము చేయునపుడు సంకోచింపక మూడు మాటలడుగుడు: "అయ్యా, మీరు చూపు తీర్పులను స్వయముగా చదివితిరా? మా సంగతులను యంత్రములో పెట్టుదురా? పెట్టినచో ముందుగా మాకు చెప్పుదురా?" మంచి వకీలు ఇందులకు కోపింపడు. కోపించువానికి మన గుట్టు నప్పగింపకుండుటయే మేలు. దావా ఓడినచో వకీలునకు మరియొక దావా యుండును. ఓడిన యాడుదానికి మరియొక యిల్లుండదు.