తాతగారి తాత ఎవరు?

మా ఏలూరు వైపు పెళ్ళి సంబంధం వచ్చిందంటే, అబ్బాయి ముఖం చూడకముందే గోత్రం, ఇంటిపేరు, అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు ఆరా తీసేస్తారు. ఎనిమిదో మెట్టెక్కి, ఆ పైవాళ్ళెవరని అడిగితే మాత్రం "కోతి మా తాతా?" అని కస్సుమంటారు!

కోతి మనకు తాత అని డార్విన్ అనలేదండీ. కోట్ల ఏళ్ళ కిందట మనదీ దానిదీ ఒకే ఇల్లు, తర్వాత వేరు కాపురాలు పెట్టాం అంటుంది శాస్త్రం. అంటే కోతి తాత కాదు, దాయాది. దాయాదులంటే మనకెలాగూ పడదనుకోండి!

2022లో ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు పుస్తకాల బరువు తగ్గిస్తామంటూ, పదో తరగతి సైన్సులో 'అనువంశికత, పరిణామం' అనే పాఠంలోంచి పరిణామాన్ని తీసేశారు. అనువంశికతను ఉంచారు. వంశం కావాలి, మార్పు వద్దు! ఇది తప్పని 2023లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలూ, ఉపాధ్యాయులూ బహిరంగలేఖ రాశారు.

"పన్నెండో తరగతిలో ఉందిగా" అంటారు. తాడేపల్లిగూడెంలో ఏ వీధిలోనైనా అడగండి, పది కాగానే ఎంపీసీలోనో, కామర్సులోనో చేరేవాళ్ళెందరో! వాళ్ళకి జీవశాస్త్రం పదితోనే సరి.

ఆ పాఠం కూడు పెడుతుందా అంటారా? కొల్లేటి చేపల చెరువుల దగ్గరికి వెళ్ళండి. తెగులుకి వాడగా వాడగా మందు ఒకనాటికి పనిచెయ్యడం మానేస్తుంది. కల్తీ మందని కొట్టువాణ్ణి తిడతాం. మందుకు చావని నాలుగు క్రిములు మిగిలి, వాటి సంతానమే చెరువంతా నిండిందేమోనని ఆలోచించం. పరిణామమంటే అదే. అది తెలియని రైతుబిడ్డ మోతాదూ పెంచుతాడు, అప్పూ పెంచుతాడు.

పోనీ, ఇది పరాయివాళ్ళ కథా? నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, దాదాపు 74,000 ఏళ్ళ కిందట సుమత్రా అగ్నిపర్వతం నుంచి వచ్చి పడిన బూడిద పొరకు కిందా, పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి. అవి చెక్కినవారి గోత్రమేమిటో ఏ పంతులుగారు చెబుతారు?

పరిణామశాస్త్రానికి గణితపు పునాది వేసినవారిలో ఒకడైన హాల్డేన్, 1957లో ఇంగ్లండు వదిలి మన దేశానికి వచ్చేశాడు. 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన దేహం వైద్యవిద్యార్థులకే చెందాలన్నాడు. అది మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది.

మన పిల్లల చదువుకి ఆయన ఒళ్ళే ఇచ్చిపోయాడు. మనం ఒక్క పాఠం ఇవ్వలేమా?