ఈజిల్ ధరలో పిన్ని కూలి ఎక్కడ?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

పోయిన సెలవుల్లో దుగ్గిరాలలో మేం నలుగురం కలిసి వెదురుతో ఒక ఈజిల్ చేశాం. ఈజిల్ అంటే తెలుసు కదా, బొమ్మ వేసేటప్పుడు కాగితం అట్టనో కాన్వాసునో నిలబెట్టుకునే స్టాండు. మడిచి సంచిలో వేసుకుని కాలవ గట్టుకో పొలానికో తీసుకెళ్లేలా చేయాలనుకున్నాం. చేయడం దగ్గర మాకు తగాదా రాలేదు. ధర దగ్గర వచ్చింది.

"దుగ్గిరాలలో ఈజిల్ ఎవరు కొంటారు?" అని చాలామంది నవ్వారు. దుగ్గిరాల అంటే పసుపు యార్డే అందరికీ గుర్తొస్తుంది. కానీ మన మండలంలోని తుమ్మపూడి సంజీవదేవ్ గారి ఊరు. 1914లో పుట్టి 1999లో పోయిన ఆయన చిత్రకారుడు, కళా విమర్శకుడు. హిమాలయాల దాకా తిరిగి వచ్చి మళ్లీ ఈ పల్లెలోనే ఉండి రాశారు, బొమ్మలు వేశారు. పక్కన తెనాలిలో శిల్పులున్నారు. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసే పిల్లలున్నారు, నేర్పే మాస్టార్లున్నారు. కాబట్టి కొనేవాళ్లు లేక కాదు, వాళ్లకేం కావాలో ఎవరూ అడగలేదు.

ఈజిల్ మన ఇళ్లల్లో పుట్టింది కాదు. 1841లో జాన్ గోఫ్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు రంగులు నింపే రేకు గొట్టానికి పేటెంటు తీసుకున్నాడు. రంగులు జేబులో పట్టాక ఐరోపా చిత్రకారులకు పొలాల్లోకి వెళ్లి బొమ్మ వేయడం తేలికైంది. దాంతో మోసుకెళ్లే ఈజిల్ అవసరం కూడా పెరిగింది. మన సవరలు గోడ మీద వేశారు, వార్లీలూ గోడ మీదే వేశారు. గోడకి స్టాండు అక్కర్లేదు. వార్లీ బొమ్మను కాగితం మీదికి తెచ్చిన జివ్యా సోమా మషేకి 2011లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మ గోడ దిగి కాగితం ఎక్కాక, ఆ కాగితం కింద ఉండే సామాను మనం ఎందుకు చేయకూడదు?

చేస్తుంటే మాకు తెలిసినవి కొన్ని చెబుతాం. కాళ్లు మూడే ఉండాలి. నాలుగు పెడితే గట్టు మీద ఒకటి గాల్లో లేస్తుంది. సన్న బొంగును లావు బొంగులోకి దూర్చి కాలు పొడుగు తగ్గిద్దామనుకున్నాం. ఒకదానికి కుదిరింది, రెండోదానికి కుదరలేదు, ఎందుకంటే ఏ రెండు బొంగులూ ఒకేలా ఉండవు. ఒక కాలు విరిగితే ఇంకోటి అందులో పట్టదు. అందుకని రెండు కర్రలనూ పక్కపక్కన పెట్టి రెక్కల నట్టుతో బిగించాం. బోల్టుకి రంధ్రం వేస్తే బొంగు నిలువునా చీలింది. అప్పుడు మాలో ఒకడి పిన్ని వచ్చి కణుపు దగ్గర వేయమని చెప్పి, రంధ్రానికి అటూ ఇటూ తాడుతో కట్టు కట్టి ఇచ్చింది. ఆ కట్టు ఇంతవరకు వదల్లేదు. పచ్చి వెదురును కాలవ నీళ్లలో కొన్ని వారాలు నానేసి ఆరబెడితే పురుగు తక్కువ పడుతుందని చెప్పింది కూడా ఆమే. లోపలి తీపి పదార్థం నీళ్లలో పోతుంది, పురుగుకి తిండి ఉండదు.

ఇంకో సంగతి. ఇక్కడ చాలామంది కింద కూర్చుని, పరీక్ష అట్ట ఒళ్లో పెట్టుకుని బొమ్మ వేస్తారు. బజారులో దొరికేవి ఎక్కువ నిలబడి వేసేవాళ్లకి చేసినవి. మా దానికి కాళ్లు ఊడదీస్తే నేల మీద వాలుగా కూర్చుంటుంది. నీటిరంగులు జారకుండా అట్టను దాదాపు పడుకోబెట్టొచ్చు కూడా.

ఇక ధర. వెదురు 140, నట్లు బోల్టులు 110, తాడు, క్లిప్పు 60, ప్లైవుడ్ అట్ట 150, సంచి 90. మొత్తం 550. "750కి అమ్మితే 200 లాభం" అని నోటుబుక్కులో రాసి గర్వంగా చూపించాం. పిన్ని చూసి ఒకే మాట అడిగింది: "మరి నేను రెండు పూటలు కూర్చున్నాను కదరా, అది ఎక్కడ రాశారు?"

ఎక్కడా రాయలేదు. డిగ్రీలు చదువుతున్న మేం నలుగురం రాయలేదు. ఇంట్లోవాళ్ల పని మాకు ఖర్చుగా కనిపించలేదు. బుట్టలు, చేటలు, తట్టలు ఇన్నాళ్లూ అమ్మింది కూడా ఇలాగే. వెదురు డబ్బులు వస్తే చాలనుకున్నాం, చేతుల డబ్బులు వదిలేశాం. ప్లాస్టిక్ గంప వచ్చాక ఆ వెదురు డబ్బులు కూడా రాలేదు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. బాపట్ల దగ్గర స్టువార్టుపురం సంగతి మీలో చాలామందికి తెలుసు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911 తర్వాత మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. దాని కింద ఎరుకల కుటుంబాలను సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటులో పెట్టారు. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలికి పంపారు. పని నేర్పామన్నారు, కానీ ఆ పనికి ధర కట్టే హక్కు మాత్రం మనవాళ్లకు ఇవ్వలేదు. 1952లో చట్టం పోయింది. ధర వేరేవాళ్లే కట్టాలన్న అలవాటు మాత్రం మన తలల్లో మిగిలింది.

అందుకే మళ్లీ లెక్క వేశాం. చెయ్యి తిరిగాక ఒకదానికి ఒక రోజు పడుతుంది, కూలి 600. చీలిపోయిన బొంగులకి 100. మొత్తం 1,250. 1,400కి మేమే అమ్మితే 150 మిగులుతుంది. షాపులో పెడితే వాళ్లు మూడో వంతు అడుగుతున్నారు. అప్పుడు మన చేతికి వచ్చేది 940కి లోపే, అంటే పిన్ని కూలిలో సగం మళ్లీ గాలికి. అందుకని మొదట షాపులొద్దు, నేరుగా మాస్టార్లకీ చిత్రకారులకీ అమ్ముదాం.

"ఆన్‌లైన్‌లో రేకు ఈజిల్ వెయ్యి లోపే వస్తుంది కదా" అంటారు. నిజమే. వాళ్లతో చవకలో పోటీ పడలేం, పడకూడదు కూడా. మనది విరిగితే ఊళ్లోనే బాగు చేసిస్తాం, నేల మీద కూర్చుంటుంది, ఈ రెండూ చెప్పి అమ్ముదాం. 1,400 పెట్టలేని పిల్లలకి కాళ్లు లేని చిన్న రకం చేద్దాం. సామాను 250, రెండు గంటల కూలి 150, అమ్మేది 450.

"గిరిజనులు చేసింది" అని పెద్దక్షరాలతో రాద్దామా అన్నదానిలో మాకే రెండు అభిప్రాయాలున్నాయి. మా మాట ఏంటంటే, చేసినవాళ్ల పేరు రాద్దాం, జాలి అమ్మొద్దు. జాలితో కొన్నవాడు ఒక్కసారే కొంటాడు. కాలు గట్టిగా నిలబడితే రెండోసారి వస్తాడు, ఇంకొకరికి చెబుతాడు.

ఈ పోస్టులో ఫోటో ఎందుకు లేదో కూడా చెప్పాలి. 2000 నాటి డిజైన్ల చట్టం ప్రకారం రూపానికి రిజిస్ట్రేషన్ కావాలంటే, దరఖాస్తుకి ముందు అది ఎక్కడా బయటపడి ఉండకూడదు. వ్యక్తులకి దరఖాస్తు రుసుము 1,000 రూపాయలు. రక్షణ పదేళ్లు, ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. అది చూపుకి కనబడే రూపానికే, పనిచేసే తీరుకి కాదు, అది వేరే పేటెంటు సంగతి. మీలో ఎవరైనా ఏదైనా కొత్తగా చేస్తే స్టేటస్‌లో పెట్టేముందు ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి. మా దరఖాస్తులో కంప్యూటరు తెలిసినవాడి పేరు ఒక్కటే ఉండదు. కట్టు కట్టిన పిన్ని పేరు కూడా ఉంటుంది.

"చదువుకుని మళ్లీ వెదురు పనా? గ్రూప్స్ రాసుకోండి" అని పెద్దవాళ్లు అంటున్నారు. వాళ్ల భయం మాకు అర్థమవుతుంది. భుజాన వెదురు కట్ట వేసుకుని దుగ్గిరాలలో రైలెక్కితే జనం మనల్ని చూసే చూపు వాళ్లు బాగా ఎరుగుదురు. మేం కూడా పరీక్షలు రాస్తాం, మానం. కానీ ఆ చూపుకి భయపడి పిన్నికి తెలిసింది మనం నేర్చుకోకుండా పోతే, రేపు ఇదే ఈజిల్ ఇంకెవరో చేసి మనకే అమ్ముతారు.

తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు మీ ఇళ్లల్లో వెదురు పని వచ్చినవాళ్లు ఉంటే చెప్పండి. డ్రాయింగ్ మాస్టార్లు తెలిస్తే ఒకసారి కలపండి. మీ ఇంట్లో ఏది అమ్ముతున్నా సరే, ఈ రాత్రికి లెక్క తీసి చూడండి. అందులో అమ్మ కూలి రాసి ఉందా?