ఐదు రోజుల బస ఎవరి ఖర్చు?

ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం హైదరాబాద్‌ను 2014 జూన్ 2 నుంచి పదేళ్లకు మించకుండా ఉమ్మడి రాజధానిగా ఉంచినా, రాష్ట్ర సచివాలయం 2016లోనే కృష్ణ దాటి విజయవాడ సమీపంలోని వెలగపూడికి తరలింది. ఆ తరలింపులో ఉద్యోగులకు దక్కిన సౌకర్యాలను ఒకచోట పెట్టి చూస్తే, కుటుంబం ఒక ఊళ్లోను, పని మరో ఊళ్లోను ఉన్నప్పుడు పనిదినాల్లో తలదాచుకోవడానికి అయ్యే ఖర్చు ఆ పని వల్ల పుట్టిందే తప్ప ఉద్యోగి సొంత వ్యవహారం కాదన్న సూత్రాన్ని ప్రభుత్వం ఎక్కడా ప్రకటించకుండానే అంగీకరించిందని తెలుస్తుంది. వారానికి ఐదు పనిదినాల విధానం ఒక ఏడాదికని మొదలై, ప్రభుత్వాలు మారినా పొడిగింపు మీద పొడిగింపు పొందింది. హైదరాబాద్ నుంచి వచ్చినవారికి షేరింగ్ పద్ధతిలో ఇచ్చిన ఉచిత వసతినీ అలాగే పొడిగించుకుంటూ వచ్చారు. 2016లోనే పట్టాలెక్కిన విజయవాడ–సికింద్రాబాద్ ఇంటర్‌సిటీ ఆ ఉద్యోగుల బండిగా పేరుపడింది. పిల్లల చదువులు, భార్యాభర్తల వేర్వేరు ఉద్యోగాలు ఒక్క ఉత్తర్వుతో కదిలేవి కావు గనుక ఇందులో తప్పుపట్టవలసిందేమీ లేదు.

తప్పుపట్టవలసింది ఆ సూత్రం రెగ్యులర్ ఉద్యోగి దగ్గరే ఆగిపోవడాన్ని. ప్రభుత్వమే గడువు పెట్టి నేరుగా నియమించుకునే కాంట్రాక్టు ఉద్యోగి, ఏజెన్సీ పేరు మీద పనిచేసే ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి, నెలనెలా బిల్లు పెట్టి సొమ్ము తీసుకునే ఇంజనీరు లేదా సాఫ్ట్‌వేర్ నిపుణుడు, ఈ ముగ్గురూ అదే సోమవారం అదే స్టేషన్‌లో దిగుతారు. దళారుల బెడద తప్పించడానికని 2020 జూలై 3న ప్రారంభించిన ఆప్కాస్, అంటే ఔట్‌సోర్సింగ్ సేవల కోసం రాష్ట్ర ప్రభుత్వమే నెలకొల్పిన కార్పొరేషన్, జీతాల చెల్లింపును ఒక దారికి తెచ్చింది. అయితే 2022 జనవరిలో ఈ ఉద్యోగులకు మూడు కేటగిరీలుగా ఖరారైన 21,500, 18,500, 15,000 రూపాయల వేతనాలు ఏకమొత్తాలే గాని, వాటిలో ఇంటి అద్దె భత్యమనే పద్దు లేదు. గది అద్దె, మెస్ బిల్లు, వారాంతపు టికెట్టు, ఊళ్లో ఉన్న ఇంటి అద్దె, అన్నీ ఆ ఒక్క అంకెలోంచే రావాలి.

విజయవాడ అద్దె గదుల బజారు ఇలాంటి మనిషి కోసం ఏర్పడింది కాదు. 1986లో శ్రీ చైతన్య కళాశాల ఇక్కడే మొదలైంది. ఆ తర్వాత పెరిగిన ఇంటర్మీడియట్ కళాశాలల వ్యాపారం నగరానికి హాస్టల్ అనే వసతి పద్ధతిని అలవాటు చేసింది. మంచానికింత అని నెలవారీ ధర, ముందుగా అడ్వాన్సు, వేళకు మూడు పూటల భోజనం, ఇవన్నీ నెల పొడుగునా అక్కడే ఉండే విద్యార్థి లెక్కలు. శుక్రవారం సాయంత్రం సంచీ సర్దుకుని వెళ్లిపోయే ఉద్యోగి వాడుకునేది నెలకు ఇరవై రాత్రులకు మించకపోయినా, కట్టేది మాత్రం ముప్పై రోజులకు. పోనీ విడిగా గది తీసుకుందామంటే, పటమటలోనైనా మొగల్రాజపురంలోనైనా టు-లెట్ బోర్డు కింద ‘ఫ్యామిలీలకు మాత్రమే’ అన్న షరతు ఎదురవుతుంది. భార్యాపిల్లలు ఉండి కూడా ఊళ్లో ఒంటరిగా ఉంటున్న నలభై ఏళ్ల మనిషిని ఇంటి యజమాని బ్యాచిలర్ కింద జమకట్టడం ఈ నగరపు చిత్రాల్లో ఒకటి. అద్దె కాస్త తక్కువని సింగ్‌నగర్, పాయకాపురం వైపు వెళితే ఏం జరగవచ్చో 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద చూపించింది. రోజూ బ్యారేజీ మీదుగానో వారధి మీదుగానో నది దాటే బాధ లేకుండా తాడేపల్లి, మంగళగిరిలో ఉందామనుకుంటే, అక్కడి అద్దెలు రాజధాని వార్తలతో పాటే కదులుతాయి. రాత్రి భోజనాన్ని కర్రీ పాయింట్ గట్టెక్కిస్తుంది గాని, అద్దెను గట్టెక్కించే అంగడి ఏదీ లేదు.

కుటుంబాన్ని ఇక్కడికే తెచ్చుకోవచ్చు గదా అనే ప్రశ్నకు జవాబు కాంట్రాక్టు గడువులోనే ఉంది. ఏడాదికోసారి పునరుద్ధరణ కోసం ఎదురుచూసే ఉద్యోగాన్ని నమ్ముకుని పిల్లల బడి మార్చడం, భాగస్వామి చేత ఉన్న ఉద్యోగం మాన్పించడం వివేకమనిపించుకోదు. అంటే రెండు చోట్ల కాపురం అతడు ఎంచుకున్నది కాదు. గడువు పెట్టి మనిషిని తీసుకోవడంలో యజమానికి దక్కే వెసులుబాటుకు అది అవతలి ముఖం. వెసులుబాటు ఎవరిదో దాని ఖర్చూ వారే భరించాలి.

ఈ వాదన చట్టానికి మరీ కొత్త కాదు. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలోని 17వ సెక్షన్, పని కోసం కార్మికులు రాత్రి ఆగవలసిన చోట విశ్రాంతి గదులో తగిన ప్రత్యామ్నాయ వసతో కాంట్రాక్టరు ఏర్పాటు చేయాలంది. అతడు చేయకపోతే ప్రధాన యజమాని, అనగా ఎవరి సంస్థ కోసం పని జరుగుతున్నదో ఆ పక్షం, చేసి పెట్టి ఖర్చును కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవచ్చని 20వ సెక్షన్ చెప్పింది. గుమాస్తా పని కూడా ఆ చట్టం నిర్వచనంలోకి వచ్చేది. అయినా ఆనకట్టల దగ్గర, గనుల దగ్గర వేసే రేకుల షెడ్లకే తప్ప కార్యాలయాలకు ఆ సెక్షన్ వర్తిస్తుందన్న ఊహ పెద్దగా కనిపించలేదు, ఎందుకంటే ‘రాత్రి ఆగవలసిన’ అనే మాటను పట్టుకుని, ఊళ్లో ఇల్లు తీసుకోవద్దని ఎవరన్నారంటూ తప్పించుకోవడం సులువుగా ఉండేది.

బిల్లు పెట్టి పనిచేసే నిపుణుడికి పన్నుల దగ్గరా ఇదే చిక్కు. ఇంటి అద్దె భత్యం లేనివారికి 1961 ఆదాయపు పన్ను చట్టం 80జీజీ కింద ఇచ్చిన మినహాయింపును 2016 బడ్జెట్ నెలకు 2,000 రూపాయల నుంచి 5,000కు పెంచింది. కాని మరో ఊళ్లో సొంత ఇంట్లో ఉంటున్నట్టు చూపుకున్నవారికి అది వర్తించదు గనుక, హైదరాబాద్‌లో సొంత ఫ్లాటు, విజయవాడలో అద్దె గది ఉన్న మనిషే, అంటే దాని అవసరం ఎక్కువగా ఉన్నవాడే, దానికి దూరమయ్యాడు. జర్మనీలో పని కోసం రెండో ఇల్లు నడిపేవారికి నెలకు 1,000 యూరోల దాకా పన్ను లెక్కలో మినహాయింపు ఉంది. మన జీఎస్టీ మండలి 2024 జూన్‌లో హాస్టల్ వసతికి నెలకు 20,000 రూపాయల దాకా మినహాయింపు ఇస్తూ తొంభై రోజుల ఎడతెగని బస అనే షరతు పెట్టింది, కాబట్టి రెండు నెలల పని మీద వచ్చినవాడికి అదీ అందదు. చిన్న హాస్టళ్లు చాలావరకు రిజిస్ట్రేషన్ పరిధిలోకే రావు గనుక ఈ దెబ్బ అందరికీ తగలదన్నది వేరే సంగతి.

అయితే వసతిని యజమానే కట్టివ్వాలని కోరడంలో ప్రమాదముంది. ఇటుక బట్టీల పక్కన గుడిసెల్లో ఉండే వలస కూలీలకు బస ఉచితమే, కాని పని గంటలకు హద్దు చెరిగిపోతుంది, అడ్వాన్సు తీరేదాకా కదలడానికి వీలుండదు. పైకప్పు యజమానిదైనప్పుడు పని వదలడమంటే గూడు వదలడమే. అందుచేత గది కంటే డబ్బు మేలు. మనుషుల్ని సమకూర్చే టెండర్లలో వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ, ఏజెన్సీ కమీషన్ విడివిడి పద్దులుగా ఉంటున్నప్పుడు, శాశ్వత నివాసం వేరే జిల్లాలోనో రాష్ట్రంలోనో ఉన్నవారికి బస భత్యమని మరో పద్దు చేర్చడానికి కొత్త చట్టమేదీ అవసరం లేదు. ఏజెన్సీలు లాభం తగ్గుతుందని అడ్డుపడవచ్చు. ఆప్కాస్ విషయంలో ఆ అడ్డూ లేదు: అక్కడ కాంట్రాక్టరు స్థానంలో ఉన్నదీ, ప్రధాన యజమానిగా ఉన్నదీ, 2016లో తన రెగ్యులర్ ఉద్యోగుల బస ఖర్చును భరించిందీ ఒకే ప్రభుత్వం.